కాల్చని ముంత

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో పిల్లలు మాయమైపోతున్నారు.

ఎత్తుకుపోయే మాంత్రికుడు గద్దలా రాలేదర్రా, మేనమామలా వచ్చాడు. "కోటలో పని, మూడు పూటలా అన్నం" అన్నాడు. ఆకలున్న ఇంట్లో ఆ మాటకి తలుపు తియ్యనిదెవరు? నూకాలు అనే పిల్లకి వాళ్ళమ్మే జడేసి పంపింది. పంపి, ఎదురుచూసి చూసి, ఆ గడపలోనే కన్నుమూసింది.

పెద్దకొడుకు వెతకబోయి మొదటి సముద్రం చూసి తిరిగొచ్చాడు. రెండోవాడు రెండో సముద్రం చూసి తిరిగొచ్చాడు. మూడోవాడు మణికేతుడు మాట్లాడే తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. మాంత్రికుడి ప్రాణమున్న చిలక మెడ నులిమాడు, వాడు చచ్చాడు. ఏడుగురు పిల్లల్ని తాబేలు మీద తీసుకొచ్చాడు. ఊరంతా హారతులు! కథ అయిపోయిందనుకునే మగమహారాజులు లేచి వెళ్ళొచ్చు. పిల్లలూ, మీరు కూచోండి.

నూకాలుకి అప్పుడు పదేళ్ళు. రాజు "నవ్వమ్మా" అంటే నవ్వింది. "తినమ్మా" అంటే, చాలని ఎవరూ అనలేదు కాబట్టి, కక్కుకునేదాకా తింది.

"ఎంత బుద్ధిమంతురాలో!" అని మంత్రి మురిశాడు.

కోటకి కుండలు తెచ్చిన కుమ్మరి పైడమ్మ అక్కడే ఉంది. "అది బుద్ధి కాదు బాబూ, భయం. తమరి కళ్ళు అలంకారానికి పెట్టారా?" అని, పిల్లని తనతో కుమ్మరివాడకి తీసుకుపోయింది.

అంత నోరున్న పైడమ్మా తప్పు చేసింది. ఆ వాడలో ప్రేమంటే పనిలో చెయ్యి కలపనివ్వడమే. "కాస్త మట్టి తొక్కవే తల్లీ" అని చెప్పి, కుండలు కాల్చే ఆవం దగ్గరికి పోయింది. పొద్దువాలాక వచ్చి చూస్తే పిల్ల ఇంకా తొక్కుతూనే ఉంది. రాయి గుచ్చుకుని పాదం చీరుకుపోయి, మట్టి ఎర్రబడింది.

"ఆపొచ్చు కదే!"

"మీరు ఆపమనలేదు."

పైడమ్మ కూలబడింది. ఆ రోజే వాడంతా కట్టుబాటు చేసుకుంది: ఈ పిల్లకి ఎవరూ ఏదీ చెప్పకూడదు, అడగాలి. జవాబొచ్చేదాకా ఆగాలి.

మొదటి ఏడు అడిగారు. "అంబలి తాగుతావా, అన్నం తింటావా?" పిల్ల వాళ్ళ కళ్ళల్లో జవాబు వెతుక్కునేది. రెండో ఏడూ అడిగారు. అదే చూపు. "రాతికి నీళ్ళు పోస్తే మొలకొస్తుందా?" అన్నారు పొరుగూరివాళ్ళు. "పోసేది మా నీళ్ళు, నీకెందుకే నొప్పి?" అంది పైడమ్మ. మూడో ఏడూ అడిగారు.

ఒకనాడు నూకాలు తనంతట తాను ఒక ముంత చేసింది. మూతి వంకర.

"ఆవంలో పెడదామా?" అడిగింది పైడమ్మ.

"ఇయ్యను" అంది పిల్ల. అని, దెబ్బ పడుతుందని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. దెబ్బ పడలేదు. వాడంతా పరమాన్నం వండుకుంది.

కాల్చని ముంత కదా, మొదటి వానకే కరిగిపోయింది. నూకాలు ఆ బురదని దోసిట్లో పట్టుకుని బావురుమంది. తిరిగొచ్చాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు.

తన పెళ్ళికి పిలవడానికొచ్చిన మణికేతుడు గుర్రం దిగి పరిగెత్తుకొచ్చాడు. "ఏడవకమ్మా! బంగారు ముంత ఇస్తాను, ఏడవకు!"

"నోరు ముయ్యండి బాబూ. మూడేళ్ళు కాచుకున్నాం దీనికోసం" అంది పైడమ్మ.

నూకాలు రాకుమారుడి వంక ఒకసారి చూసింది. చూసి, ఇంకా గట్టిగా ఏడ్చింది.

మణికేతుడు నోరు మూసుకుని ఆ బురదలోనే కూచున్నాడు. తర్వాత కోటలో ఉన్న మిగతా ఆరుగురినీ ఎక్కడుంటారని అడిగి, నేతవాడ కావాలన్నవాళ్ళని నేతవాడకీ, బెస్తవాడ కావాలన్నవాళ్ళని బెస్తవాడకీ పంపాడు. జవాబు చెప్పలేని ఇద్దరి కోసం ఆగాడు. పెళ్ళాడి, చాన్నాళ్ళు రాజ్యం ఏలాడు. మంచిరాజే, ఆగడం నేర్చుకున్నాడు కాబట్టి.