రూతమ్మ అంబలి కంత

రాళ్లవాగుపల్లె కొండ కింద ఉన్న ఈ చిన్న ప్రార్థనా మందిరానికి ఎత్తైన శిఖరం లేదు, పెద్ద గంటా లేదు. ఉత్తరపు గోడలో మాత్రం చెంబు పట్టేంత కంత ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన భక్తులు గోడ రాయి ఊడిందనుకుని సిమెంటు పంపిస్తామంటారు. వారి మంచి మనసుకు వందనాలు గాని, అది పూడ్చే కంత కాదు.

పూర్వం ఇక్కడ రూతమ్మ అనే వితంతువు మట్టి ఇల్లు ఉండేది. ఊరికి ఎడంగా ఉన్న వాడలో మొదట బాప్తిస్మం పుచ్చుకున్నది ఆమే. ఆమె ప్రార్థనకు వేసుకున్న పాకను ఊరిపెద్ద ఓబుళరెడ్డి నడిమి స్తంభం నిట్టాడుతో సహా స్వయంగా పీకి పారేశాడు.

ఆ తర్వాత మూడేళ్లు వానలు లేవు. మిషను వారిచ్చిన జొన్నపిండితో రూతమ్మ రోజూ అంబలి కాచి పోసేది. వాడలోని వారు వచ్చి తాగేవారు. ఊళ్లోవారు మాత్రం ఆకలితో మాడుతున్నా ఆమె గడప తొక్కలేకపోయారు. కులం పోతుందని కొంత, నలుగురూ చూస్తారని మరింత. అది గమనించి ఆమె వెనక గోడకు కంత పెట్టింది. బయటినుంచి చెంబు పెడితే నిండి వచ్చేది. ఎవరని అడిగేది కాదు.

ఓబుళరెడ్డి ఇంట గాదె అడుగంటింది. నాలుగేళ్ల మనవరాలు ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉంది. ఆ పిల్ల ప్రాణం కోసం ఆయన సిగ్గు చంపుకుని, ముఖానికి తలగుడ్డ కప్పుకుని కంత దగ్గరికి వెళ్లాడు. కంగారులో కుడిచేత్తో పిల్ల పాలు తాగే చిన్న చెంబు లోపల పెట్టాక గాని, ఆ చేతికి చిటికెన వేలు లేదన్న సంగతి గుర్తు రాలేదు. చెయ్యి లాక్కోబోయేలోపే చెంబు నిండి వచ్చింది. చూసి ఉండదులే అనుకుని ఆయన రోజూ వెళ్లాడు. పిల్ల తేరుకుంది.

ఒకసారి జ్వరం వచ్చి ఆయన రెండు రోజులు వెళ్లలేదు. మూడోనాడు తెల్లవారేసరికి వాకిట్లో అంబలి ముంత ఉంది. ఓబుళరెడ్డి ఆ ముంత పట్టుకుని, అందరూ చూస్తుండగా, రూతమ్మ ముందు గడపకే వెళ్లాడు.

“నేనని ఎప్పుడు తెలిసింది నీకు?”

“మొదటిరోజే సామీ. మా పాక నిట్టాడు పీకిన చెయ్యి గదా, మర్చిపోతానా?”

“తెలిసీ పోసినావా?”

“అంత చిన్న చెంబు పసిబిడ్డదే గదా సామీ. బిడ్డ ఎట్లుంది?”

ఓబుళరెడ్డి అక్కడే కూలబడి బావురుమన్నాడు. నీ దేవుడి సంగతి చెప్పమని ఆయనే అడిగాడు.

“నాకు చదువు రాదు సామీ. నీ మీద కోపం వచ్చినప్పుడంతా ఏం చెయ్యాల్నో ఆయన్నే అడుగుతా. ఆయనేమో పొయ్యమంటాడు” అంది రూతమ్మ.

ఆ ఇంటి చోటే, ఆ కంతను అలాగే ఉంచి కట్టిన ఈ మందిరానికి పునాది రాయి మోసినది ఓబుళరెడ్డే. నేటికీ ప్రతి శుభ శుక్రవారం ఆ కంతలోంచి అంబలి పోస్తారు. లోపల కూర్చుని పోసేవారు ఆ ఏడు ఎవరితోనైనా మాటలు మానుకున్నవారై ఉండాలి. చెయ్యి గుర్తుపట్టినా సరే, చెంబు నిండేదాకా గరిటె ఆపకూడదు. ఆ అంబలి తాగిన ఇంట పసిబిడ్డలు చల్లగా ఉంటారని పెద్దలు చెబుతారు. పోసినవారికి కలిగే మేలు మాత్రం వారినే అడగాలి. చాలామంది ఆ సాయంత్రమే ఎవరింటికో నడిచి వెళుతూ కనిపిస్తారు.