ముసురులో డప్పు

మా ఆయన రాజేశం డప్పు కొడితే ముసలాళ్ల కాళ్లు కూడా ఆడతాయి. నాలుగు ఊళ్లలో పేరు. ఆ గర్వం డప్పుతో పాటే ఇంట్లోకీ వచ్చింది.

మా బిడ్డ సుజనకు ఆయాసం. పొడిగాలిలో ఏమీ ఉండదు. ముసురు పట్టిందంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. కొందరికి అది రక్తంలోనే వస్తుందని, గాలిలో తేమ తగిలితే బయటపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చమని మందు పంపు ఇచ్చింది.

"మా రక్తంల లేదు. మీ పుట్టింటిదే," అన్నాడు మా ఆయన. "దీని అన్నకు లేని ముసురు దీనికే ఉన్నదా? అన్నీ వేషాలు. పంపు పీల్చే పిల్లను ఎవడు చేసుకుంటడు?"

పంపు తీసి జేబులో వేసుకున్నాడు.

మొన్న పిల్ల పెదాలు నల్లబడ్డాయి. జేబు చించి పంపు తీసి ఇచ్చాను. తెల్లారి ఇంకో చొక్కా తొడుక్కుని, పంపు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

పిల్లను తీసుకుని, మా ఆయనకు డప్పు నేర్పిన సాయిలు తాత ఇంటికి పోయాను. మా ఆయనా అక్కడే ఉన్నాడు.

"తాతా, నీ శిష్యుడు నా బిడ్డను చంపుతడు," అన్నాను. పంపు సంగతంతా, ఆయన అన్న మాటలతో సహా చెప్పాను.

తాత గోడకున్న రెండు డప్పులు తీసి బయట ముసురులో కొయ్యకు తగిలించాడు. కూర్చుని మెల్లగా చాయ్ తాగాడు. లేచి రెండు డప్పులూ తెచ్చి, ఒకటి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"కొట్టు."

ఖంగుమంది.

"ఇప్పుడు ఇది."

తడి గోనెసంచిని కొట్టినట్టుంది.

"దీన్ని మంట కాపాలె తాతా," అంటూ మా ఆయన లేవబోయాడు.

"కూసో. కాపుడెందుకు? రెండూ నేను కట్టినయే. ఒక్కటే కట్టె, ఒక్కటే దినం. దాని అన్నకు లేని ముసురు దీనికే ఉన్నదా? వేషాలేస్తున్నది. తిట్టు."

మా ఆయన తల దించుకున్నాడు.

"తిట్టురా! ఇంట్ల మస్తు తిడ్తవట కద. తిడ్తె మోగుతదేమో చూద్దం."

మా ఆయన మోగని డప్పు తోలు మీద చెయ్యి రాసి చూశాడు. "తోలు గుణం తాతా. మేకను బట్టి ఉంటది."

"అట్లనా? మరి మీ అమ్మ ఈదమ్మ ముసురు దినాలల్ల ఎట్ల పండుకునేది?"

మా అత్తను నేను చూడలేదు. నా పెళ్లికి ముందే పోయింది. మా ఆయన ముఖం మాత్రం అప్పుడు చూశాను.

"పండుకునేది కాదు," అన్నాడు. "గోడకు ఒరిగి కూసునేది. తెల్లారేదాంక."

"అప్పుడు పంపుల్లేవు," అన్నాడు తాత.

మా ఆయన చెయ్యి జేబులోకి పోయింది. పంపు తీసి నా వైపు చాపాడు.

నేను అందుకోలేదు. ఆయనే దాన్ని పిల్ల చేతిలో పెట్టేదాకా అట్లాగే చూస్తూ నిలబడ్డాను.