తలుపుకు కట్టిన నారతాడు

ఖరనామ సంవత్సరం, నడివేసవి. కోటలో వంటశాలకూ పురిటి గదికీ మధ్య, వదిలేస్తే తనంతట తానే మూసుకునే బరువైన తలుపు ఉండేది. గాలి ఆడటానికి వంటమనిషి సూరమ్మ దాన్ని తెరిచి, పొయ్యివైపు గోడ మేకుకు నారతాడుతో కట్టింది.

దొర చూసి మండిపడ్డాడు.

"నా కోటలో తాడేమిటే? ఇనుప గొలుసు వెయ్యి!"

"నిప్పంటుకుంటే గొలుసు ఎవరు విప్పుతారు దొరా?"

"నువ్వున్నావుగా, నువ్వే విప్పు."

"చిత్తం. మంటల్లో నేను కాలిపోతే తలుపు తెరిచే ఉంటుంది. ఈ తాడు కాలిపోతే మూసుకుంటుంది. అవతల మీ అమ్మాయిగారు పురిటి మంచం మీదున్నారు."

దొర గొలుసు మాట వదిలేసి వెళ్ళిపోయాడు. తాడు అలాగే ఉంది.

ఆ నెలలోనే నూనె మూకుడు అంటుకుంది. తాడు కాలి తెగింది, తలుపు మూసుకుంది. తల్లీ బిడ్డా బతికారు. పొయ్యి దగ్గరున్న సూరమ్మ చనిపోయింది.