మాచమ్మ పేరున దాచే బట్ట

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెబుతానేమో, ఓర్చుకోండి. ఏరు కోటగోడను ఒరుసుకుని పారిన రోజుల్లో, మన తాతల తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, కొండరేవు అనే ఊళ్ళో మాచమ్మ అనే చాకలి ఉండేది.

రాజుగారిని పసితనంలో చంకనేసుకుని తిప్పింది మాచమ్మే. గద్దెనెక్కాక కూడా ఆయన ఆమెను "అత్తా" అనే పిలిచేవాడు. ఆయనకు తాంబూలం పిచ్చి. ఎడమ దవడన నమిలేవాడు, ఎడమ భుజం మీద కార్చుకునేవాడు. వారం వారం ఆమె మూట తీసుకునే వేళకు మేడమెట్ల మీదికొచ్చి కేకేసేవాడు.

"అత్తా! మరక పోతే నువ్వు గెలిచినట్టు. పోకపోతే నేను గెలిచినట్టు!"

మాచమ్మ చౌడు పట్టించేది, బానలో ఉడకబెట్టేది, బండ మీద బాదేది. మరక పోయేది. ఎప్పుడూ ఆమెదే గెలుపు.

ఒక వారం రాజు మెట్ల మీదికి రాలేదు. మూటలో అంగీ మల్లెపువ్వులా ఉంది. మరక లేదు.

"బాబుకు నా మీద కోపమొచ్చిందా దొరా?" అని కోట తలుపు దగ్గర అడిగింది.

"ఒంట్లో నలతగా ఉంది, పో" అన్నాడు దివాను జగ్గరాజు.

రెండో వారం మరక వచ్చింది. కుడి భుజం మీద.

"బాబు దవడ మార్చారా దొరా?"

దివాను తలుపు సగం మూశాడు. "మార్చారు. వైద్యుడు చెప్పాడు."

మూడో వారం మరక ఎడమ భుజం మీదే ఉంది. మాచమ్మ మురిసిపోయి మెడపట్టీ తిప్పి చూసింది. చెమట జిడ్డు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. మనిషి వాసన లేదు.

ఆ మూడు వారాలూ ఊరు రాజును చూడలేదు. మేడ మీద తెర పక్క నుంచి ఒక చెయ్యి మాత్రం ఊగేది. ఏడాదికొక్క ఆజ్ఞ ఇవ్వడానికే ఆవులించే రాజు ఇప్పుడు రోజుకు మూడు ఇచ్చేస్తున్నాడు. గానుగకు పన్ను, గాడిదకు పన్ను, గట్టిగా తుమ్మితే పన్ను.

సంత రోజున మాచమ్మ మేడ కింద మూట విప్పి పరిచింది. "ఈ బట్టల్లో మనిషి లేడు" అంది.

దివాను ఎగిరిపడ్డాడు. "ఏమే! వాసన చూసి రాజును చంపేస్తావా?"

"నేను చంపడం లేదు దొరా. మీరే బతికిస్తున్నారు."

సంత గొల్లున నవ్వింది.

"నాలుక కోయిస్తాను!"

"కోయించండి. ముందు బాబును నన్ను ఒక్కసారి పిలవమనండి. ఆ పిలుపు వినబడితే నాలుక నేనే చాపుతాను."

మాచమ్మ తెర వంక చూసింది. తన మాట అబద్ధమైతే బాగుండునని, నాలుక పోయినా ఆ పిలుపు వస్తే చాలునని చూసింది.

తెర కదిలింది.

"ఏమే మాచమ్మా!" అంది ఒక గొంతు.

మాచమ్మ అక్కడే కూలబడింది.

జనం మేడెక్కారు. తెర వెనక తాంబూలం గిన్నెతో దివాను బావమరిది దొరికాడు. రాజుకు వారసుడు లేడు. ఆయన పోయాడని తెలిస్తే తన దివానుగిరీ పోతుందని, చితి పొగ ఊరికి కనబడకుండా గులాబీ తోటలో పాతిపెట్టాడట జగ్గరాజు. పట్టుబడ్డ భయానికి గట్టిగా తుమ్మాడు. ముందు పన్ను కట్టమంది సంత.

ఆ నవ్వు ఏళ్ళ తరబడి ఊళ్ళో నిలిచింది. మాచమ్మ నవ్వలేదు. కోటలోని ప్రతి బట్టా తిప్పి చూసింది. అంగీలు, పంచెలు, తలపాగాలు. ఒక్కదానిలోనూ ఆయన లేడు. ఆయన చివరగా తొడిగిన అంగీని, గెలవాలని, మూడుసార్లు బానలో ఉడకబెట్టింది తనే.

"ఒక్కసారి ఓడిపోయుంటే బాబు నా దగ్గర ఉండేవాడు" అనుకుంటూనే ముసలిదై పోయింది.

ఇప్పటికీ ఆ వైపు, పెద్దవాళ్ళెవరైనా జనానికి కనబడకుండా ఆజ్ఞలు మాత్రం పంపుతుంటే, "మెడపట్టీ చూపించండి" అని నవ్వుతారు. ఇంట్లో మనిషి పోతే మాత్రం, ఆ మనిషి చివరగా తొడిగిన బట్ట ఒకటి ఉతక్కుండా మడిచి పెట్టెలో పెడతారు. ఏడాది దాకా నీళ్ళు తగలనివ్వరు. "ఇది మాచమ్మది" అంటారు.

చెల్లీ శేషూ, ఈ కథ నీకూ తెలిసిందే కదా, పేర్లు నువ్వోసారి సరిచూడమ్మా. దివాను జగ్గరాజో జోగిరాజో, ఏదైనా ఫరవాలేదు. మాచమ్మ పేరు ఒక్కటి తప్పు పోకుండా చూడు.