ఎత్తు చాలని అక్షరం

“స్వామీ, ఇంకెంత గట్టిగా చెబితే మా అమ్మాయి బుర్రకెక్కుతుందంటారు?”

సోమసుందరంగారు ఈ మాట అడిగేసరికి ఉదయం పదిన్నర. అడిగి ఊరుకున్నారా, లేదు. చేతి గడియారం చూసుకున్నారు, గేటువైపు చూశారు, మళ్ళీ గడియారం చూసుకున్నారు. గోదావరి గట్టున ఉన్న మా ఆశ్రమం ముందు పదకొండింటికి విజయవాడ బస్సు ఆగుతుంది. ఆ బస్సులో కూతుర్ని తీసుకెళ్ళి అక్కడి హాస్టలు కాలేజీలో పడేసి రావాలని ఆయన బయల్దేరారు. పోతూ పోతూ పిల్లకి స్వామివారి ఆశీర్వాదం ఇప్పిద్దామని ఇక్కడ దిగారు. ఆ హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేపుతారట. నెలకొక్క ఆదివారం, గంటసేపు మాత్రం కన్నవాళ్ళని చూడనిస్తారట. ఈ సంగతులు ఆయన గొప్పగా చెబుతున్నారో, భయపడుతూ చెబుతున్నారో నాకు అంతుపట్టలేదు.

ఆయన రాజమండ్రిలో లెక్కల లెక్చరరు, పదేళ్ళుగా స్వామివారి శిష్యుడు. కూతురు హైమవతి ఇంటర్మీడియట్‌లో లెక్కల పేపరు రెండుసార్లు తప్పింది. ఊరందరి పిల్లలకీ లెక్కలు చెప్పేవాడి ఇంట్లో ఇదేం చోద్యమని నలుగురూ నవ్వారు. ఆయన అరిచారు, పుస్తకాలు విసిరేశారు, ఇంట్లో టీవీ తీయించేశారు. మొదటిసారి తప్పినప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు, మాటలు మానేసింది. నాలుగు నెలలుగా తండ్రి ఏమడిగినా “ఆఁ”, “ఊఁ” తప్ప మరో మాట లేదట. ఇప్పుడు ట్రంకుపెట్టె మీద కూర్చుని మా అచ్చు ప్రెస్సు గోడకేసి చూస్తోంది.

మా అవ్యక్తస్వామివారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. సన్యాసం పుచ్చుకోకముందు ఆయన ముప్ఫై ఏళ్ళు అచ్చు మిషను తొక్కిన మనిషి. ఆశ్రమం ప్రెస్సులో ఇప్పటికీ ఆయనే మిషనుమాన్, నేను కంపోజిటర్ని. వేదాంతం కోసం వచ్చినవాళ్ళు సిరా గుడ్డలు ఉతికి వెళ్ళిన రోజులు చాలా ఉన్నాయి. వాళ్ళు పాడుచేసినవన్నీ బాగుచేసుకోవడం నా వంతు. అందుకే ఎవరైనా స్వామీ అంటూ ప్రశ్న మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు మిషను మీద గురుపూర్ణిమ ఆహ్వానపత్రం ఉంది. పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ నేను కూర్చినవే. మొదటి కాగితం తీసి చూస్తే అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి, నడిమధ్య ఒక ‘న’ మాత్రం జ్వరం పడి లేచినట్టు పాలిపోయి ఉంది. ఆ సైజులో మాకున్నవి మూడే ‘న’లు. మిగతా రెండూ ఆ శీర్షికలోనే ఉన్నాయి. కొత్తవి తెద్దామంటే అవి పోతపోసేవాళ్ళు ఏనాడో దుకాణం కట్టేశారు.

స్వామివారు ఆ కాగితం సోమసుందరంగారికి చూపించి, “ఏం చెయ్యమంటావు నాయనా?” అన్నారు.

“దానికేముంది స్వామీ, గట్టిగా నొక్కితే అదే పడుతుంది. కాస్త తొందరగా కానివ్వండి, బస్సు టైమవుతోంది.”

“అయితే నువ్వే బిగించు” అని స్పానరు ఆయన చేతిలో పెట్టారు.

“అయ్యో, ఆయనకి మిషను సంగతి ఏం తెలుసు స్వామీ!” అన్నాను.

“నువ్వుండరా భీమలింగం” అన్నారాయన.

కాగితం ఆనుకునే పలక వెనక నాలుగు నట్లుంటాయి. బిగించేకొద్దీ పలక ముందుకొచ్చి కాగితాన్ని అక్షరాలకేసి మరింత గట్టిగా నొక్కుతుంది. సోమసుందరంగారు పంచె ఎగ్గట్టి నాలుగూ ఒక చుట్టు బిగించారు. స్వామివారు తొక్కారు, కాగితం వచ్చింది. ‘న’ అలాగే ఉంది. మిగతా అక్షరాలు మాత్రం కాగితంలోకి దిగబడి, వెనకవైపంతా పొక్కులు లేచాయి. “ఇంకాస్త బిగించాలి” అని ఆయన మరో చుట్టు తిప్పారు. గడియారం చూసుకుని ఇంకో చుట్టు తిప్పారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. మిషను దబ్బుమని మూలిగింది.

“పడింది! చూశారా స్వామీ, పడింది!” అని ఆయన చిన్నపిల్లాడిలా గెంతారు.

నిజమే, ‘న’ పడింది. నేను మాత్రం పక్కనున్న అక్షరాలు చూశాను. రెండింటి తలకట్లు నలిగి చదునైపోయాయి. కాగితం రెండుచోట్ల చిల్లు పడింది. ఇక ఆగలేకపోయాను.

“పడిందండీ, పడింది! పక్కవాటి ప్రాణం తీసి పడింది! ఇరవయ్యేళ్ళుగా చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నాను వాటిని. మీకేం, బస్సెక్కి పోతారు!”

సోమసుందరంగారు స్పానరు కింద పెట్టేశారు. “గట్టిగా నొక్కితే వస్తుందనుకున్నానయ్యా” అన్నారు. ఆయన మొహం చూసి నాకే సిగ్గేసింది.

స్వామివారు నట్లు నాలుగూ వెనక్కి తిప్పి ఎప్పటి ఒత్తిడికి తెచ్చారు. అక్షరాలు బిగించిన చట్రం దింపి రాతిబల్ల మీద పడుకోబెట్టి, బిగింపు వదులు చేసి, శ్రావణంతో ఆ ‘న’ని పైకి లాగారు. దాన్ని మరో అక్షరం పక్కన నిలబెట్టి, “గోరు పెట్టి చూడు” అన్నారు. సోమసుందరంగారు బొటనవేలి గోరు రెండింటి మీదుగా పోనిచ్చారు. సన్నగా తగిలింది. వాడి వాడి అరిగి, వెంట్రుకవాసి ఎత్తు తగ్గింది, అంతే.

చిల్లుపడ్డ కాగితంలోంచి పెసరగింజంత ముక్క చించారు స్వామివారు. నా క్యారియర్లోంచి ఒక అన్నం మెతుకు తీసి మెదిపి, ఆ ముక్కని అక్షరం అడుగున అంటించి, మళ్ళీ దాని చోట్లో దింపారు. చట్రం బిగించి మిషను ఒక్కసారి తొక్కారు. ‘న’ తోటి అక్షరాలంత నల్లగా పడింది. కాగితం వెనకవైపు నున్నగా ఉంది. నలిగిన ఆ రెండు తలకట్లు మాత్రం నలిగే ఉన్నాయి.

అప్పుడు గమనించాం, హైమవతి పెట్టె మీంచి లేచి రాతిబల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

“అమ్మా, నీకు లెక్కలు ఎక్కడిదాకా వచ్చు?” అని అడిగారు స్వామివారు.

ఆ పిల్ల తండ్రి వంక చూసింది. మలుపు దగ్గర బస్సు హారను వినిపించింది. సోమసుందరంగారు గబగబా వెళ్ళి ట్రంకుపెట్టె చేతిలోకి తీసుకున్నారు.

“ఆరో తరగతిదాకా” అంది హైమవతి.

ఆయన ఉన్నచోటే ఆగిపోయారు.

“ఏడులో నాకు పచ్చకామెర్లొచ్చి రెండు నెలలు బడికి వెళ్ళలేదు. తిరిగొచ్చేసరికి భిన్నాలు చెప్పేశారు. తర్వాత ఏ లెక్క చూసినా అందులో భిన్నాలుండేవి. బట్టీపట్టి పదో తరగతి గట్టెక్కాను. ఇంటర్లో బట్టీ సాగలేదు.”

“మరి నాతో ఎందుకు చెప్పలేదే తల్లీ?” అన్నారు సోమసుందరంగారు.

“లెక్కల మాస్టారి కూతుర్ని నాన్నగారూ. భిన్నాలు రావని మీతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?” అంటూనే భోరున ఏడ్చింది. రెండోసారి తప్పినప్పటి ఏడుపు కూడా అందులో ఉందేమో, ఎంతకీ ఆగలేదు.

బస్సొచ్చి గేటు ముందు ఆగింది. కండక్టరు “విజయవాడ, విజయవాడ!” అని రెండుసార్లు కేకేశాడు. సోమసుందరంగారు పెట్టె కింద పెట్టలేదు, అడుగు ముందుకూ వెయ్యలేదు. కూతుర్ని చూశారు, గేటు చూశారు. పరిగెత్తుకెళ్ళి బస్సు ఆపాలో, పొమ్మనాలో నాకు తెలియలేదు. కండక్టరు విసుక్కుని రైట్ చెప్పాడు. దుమ్ము రేపుకుంటూ బస్సు వెళ్ళిపోయింది.

“భిన్నాలా స్వామీ!” అన్నారు సోమసుందరంగారు, పెట్టె ఇంకా చేతిలోనే ఉంది. “ఇంటర్ చదివే పిల్లకి ఇప్పుడు ఏడో తరగతి లెక్కలు చెబుతూ కూర్చోవాలా? అంత కిందికి దిగాలా నేను?”

స్వామివారు కిరసనాయిలు గుడ్డతో వేళ్ళకంటిన సిరా తుడుచుకుంటున్నారు. తలెత్తలేదు.

“ఆ కాగితం ముక్క ఎక్కడ పెట్టానో చూశావుగా నాయనా” అన్నారు.