గొట్టంలో నీళ్లు

ఒక రాజుగారి దంతవైద్యుడు త్ర్యంబకశర్మ. రోగుల నోళ్లు కడగడానికి నీళ్లతొట్టికి పొడవాటి వెదురు గొట్టం అమర్చాడు. కొన్నాళ్లకు వచ్చినవాళ్లందరికీ చిగుళ్లు వాచాయి. చివరికి రాజుగారికీ వాచాయి. ఆయన వైద్యశాలకే వచ్చి నిలదీశాడు.

“నీళ్లు మోసే నూకాలు మురికినీళ్లు తెస్తోంది మహారాజా!” అన్నాడు శర్మ.

రాజు కొరడా తెమ్మన్నాడు. నూకాలు బెదరలేదు. తొట్టిలో నీళ్లు ముంచుకుని గటగటా తాగేసింది. తర్వాత గొట్టం చివర చెంబు పట్టి, నింపి శర్మకు అందించింది.

“అవే నీళ్లు బాబూ. ఆ చివర నేను తాగాను, ఈ చివర తమరు తాగండి.”

శర్మ చెంబులోకి చూసి వెనక్కి జరిగాడు. “రాత్రంతా పాచిగొట్టంలో నిలిచిన నీళ్లు ఎవరైనా తాగుతారా?” అనేశాడు.

రాజు వాచిన దవడ పట్టుకుని లేచాడు. “మరి నా నోట్లో పోసినవి ఏ నీళ్లయ్యా?”

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మరిగిన నీళ్లతో గొట్టం కడిగే పని శర్మకు పడింది. నూకాలు చూసి సరే అన్నాకే రోగుల్ని పిలవాలి.