బూరె కాళ్ళు కడిగిన హైమ

అనగనగనగా, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో వరాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకో పిల్లి. పసుప్పచ్చగా, గుండ్రంగా ఉంటుందని దానికి బూరె అని పేరు పెట్టుకుంది. వరాలమ్మ కూర్చుంటే ఒళ్ళో బూరె, పడుకుంటే కాళ్ళ దగ్గర బూరె.

ఆ ఇంటికి హైమ అని కొత్త కోడలు వచ్చింది. ఒకరోజు వరాలమ్మ కూరగాయలకి వెళ్ళింది. అత్తయ్య వచ్చేసరికి ఇల్లు మెరిసిపోవాలని హైమకి సరదా పుట్టింది. అప్పుడేం చేసింది? బకెట్లో ఒక మూత ఫినాయిలు పోసింది. చాలదనుకుని ఇంకో మూత పోసింది. అదీ చాలదనుకుని సీసా బోర్లించేసింది!

ఆ తర్వాత ఇల్లంతా తుడిచింది. తడి ఆరకముందే బూరె దాని మీద నడుచుకుంటూ వెళ్ళి, కిటికీ ఎక్కి, కాళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది. పిల్లంటే అంతేగా నాన్నా, కాళ్ళకి ఏదంటినా నాలుకతోనే శుభ్రం చేసుకుంటుంది.

కాసేపటికి దాని నోట్లోంచి చొంగ కారింది. కిందికి దిగబోయి తూలి పడింది. హైమ పరిగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకుంది.

అప్పుడే వరాలమ్మ వచ్చింది. ఇల్లంతా ఫినాయిలు వాసన, చొంగ కారుస్తున్న బూరె! చేతిలో సంచీ అక్కడే వదిలేసింది. "అయ్యో నా తల్లీ! హైమా, పాలు పట్రా. విషం విరిగిపోతుంది!"

హైమకి అత్తయ్యంటే భయమే. అయినా పాలకోసం కదల్లేదు.

"ఆగండత్తయ్యా. తప్పు నాదే, ఫినాయిలు తడిలో నడిచింది. ముందు డాక్టరమ్మని అడుగుదాం" అని పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"పాలొద్దు, కక్కించొద్దు" అంది డాక్టరమ్మ. "దాన్నిక నాకనివ్వకండి. కాళ్ళు సబ్బునీళ్ళతో కడగండి. ఆ సీసా పట్టుకుని వెంటనే వచ్చేయండి."

వరాలమ్మ బూరెని తువ్వాల్లో చుట్టి పట్టుకుంది. హైమ కడిగింది. బూరె గీరేసింది. చెయ్యంతా గీతలు పడినా హైమ వదలకుండా వేళ్ళ సందుల్లో కూడా కడిగింది.

ఆ తర్వాత ఆటో ఎక్కారు. డాక్టరమ్మ సీసా చూసింది, సూది వేసింది, సెలైన్ ఎక్కించింది. సాయంత్రానికి బూరె తల ఎత్తి "మ్యావ్" అంది!

"ఇక భయం లేదు. వెంటనే కడిగి తెచ్చారు కాబట్టి దక్కింది" అంది డాక్టరమ్మ.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఫినాయిలు సీసా గొళ్ళెం వేసిన అలమరాలోనే. నేల తుడిచేటప్పుడు బూరె తలుపేసిన వేరే గదిలోనే. తడి పూర్తిగా ఆరాకే తలుపు తీసేవాళ్ళు.

ఇంతకీ ఆరోజు తిరిగొచ్చే ఆటోలో ఏమైందో తెలుసా? వరాలమ్మ కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, గీతల మీద మెల్లగా ఊదింది. "నా మాట వినకుండా మంచి పని చేశావే అమ్మాయ్" అంది.

కథ నడిచింది కంచికి,
మాట మిగిలింది మంచికి,
నువ్వు జరుగు నా చెంతకి.